క్లచ్ ప్లేటు ఒకరికి, ప్రెషర్ ప్లేటు ఇంకొకరికి

మా షాపు పంచుకున్న రోజు నాకు పదమూడేళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్న, నాన్న, బాబాయి ముగ్గురూ కలిసి నడిపిన లారీ స్పేర్ పార్ట్స్ షాపు అది, బోర్డు మీద ఇంటిపేరు, దాని పక్కన ఎర్రక్షరాల్లో బ్రదర్స్ అని ఉండేది. 1996 ఎండాకాలం. నలుగురు పెద్దమనుషులు వచ్చి కూర్చుని రెండు రోజులు స్టాకంతా లెక్కగట్టారు, గట్టి మూడు సమాన భాగాలు చేశారు, సమానం అంటే రూపాయల్లో సమానం. ర్యాకులకి సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి చీట్లు తీయించారు. క్లచ్ ప్లేట్ల ర్యాకు నాన్నకి వచ్చింది. ప్రెషర్ ప్లేట్ల ర్యాకు బాబాయికి వెళ్లింది.

ఈ లైన్ తెలీని వాళ్ల కోసం చెప్తున్నా, లారీ క్లచ్ పోయిందంటే మెకానిక్ గేర్ బాక్స్ దించాలి, అది ఒక పూట పని, అంత కష్టపడి దించాక ఎవరూ ఒక్క ప్లేటు మార్చి ఊరుకోరు, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి వేసేస్తారు. అంటే మా ఇంట్లో ఆ రోజు జరిగిందేంటంటే చెప్పుల జతని చెరొకటి పంచుకోవడం. బాబాయి షాపు రోడ్డుకి అవతల. మొదట్లో మెకానిక్‌లు ఇటు ఒకటి అటు ఒకటి కొనుక్కుని మా మొహమాటానికి తిరిగారు, ఆర్నెల్లు పోయాక బయటివాళ్ల షాపుకి వెళ్లిపోయారు, అక్కడ మూడూ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి. 2003కి మా మూడు షాపుల్లో రెండు మూతపడ్డాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2022 ఫిబ్రవరిలో టీవీఎస్ కుటుంబం వాటాల పంపకం పూర్తయిందని పేపర్లో చదివినప్పుడు నేను ఆ వార్తని అందరిలా చదవలేకపోయాను. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "అయిపోయింది, నూట పదేళ్ల కుటుంబం కూడా చీలిపోయింది, ఐదు వేళ్లూ కలిస్తేనే పిడికిలి" అని పెట్టాడు, దాని కింద పదిమంది దండాలు పెట్టారు. నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకంటే వాళ్లు చేసింది చీలిక కాదు. మా వాళ్లు చెయ్యలేకపోయిన పని వాళ్లు చేశారు, అది వివరంగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. టీవీఎస్‌ని మొదలుపెట్టిన టి.వి. సుందరం అయ్యంగార్ 1877లో తిరునెల్వేలి వైపు తిరుక్కురుంగుడిలో పుట్టారు. లాయరు పని, రైల్వేలో ఉద్యోగం, బ్యాంకులో ఉద్యోగం, ఇవన్నీ చూసి వదిలేసి, మోటారు బండి అంటే జనం ఇంకా దూరం నుంచి చూసి భయపడే రోజుల్లో బస్సులు తిప్పడం మొదలుపెట్టారు. టీవీఎస్ గ్రూపు తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునేది 1911. మధురై వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే మాట ఒకటుంది, టీవీఎస్ బస్సు వెళ్లిందంటే గడియారం దాని ప్రకారం సరి చేసుకునేవాళ్లంట. ఇలాంటి మాటలు ప్రతి పెద్ద కంపెనీకీ కొన్ని ఉంటాయి గానీ, ఇందులో నాకు నచ్చే సంగతి వేరే. బస్సు టైముకి నడవాలంటే డ్రైవరు మంచోడైతే చాలదు, విరిగిన ముక్క ఆ రాత్రికే దొరకాలి. ఆ రోజుల్లో ఆ ముక్క ఓడలో రావాలి. అంటే బస్సులు నడిపినాయన స్పేర్ పార్ట్స్ మనిషి కాక తప్పదు. జనరల్ మోటార్స్ బళ్లకి దక్షిణాదిలో డీలర్లు అయ్యారు, వర్క్‌షాపులు పెట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్కపోతే బొగ్గుతో నడిచే గ్యాస్ ప్లాంట్లు తయారుచేసి బళ్లకి తగిలించారు. టీవీఎస్ చరిత్ర అనగానే అందరూ టీవీఎస్ 50 మోపెడ్‌తో మొదలెడతారు, మన ఊళ్లలో పాల క్యాన్లూ గడ్డిమోపులూ మోసిన బండి కాబట్టి ఆ ప్రేమ నాకూ ఉంది, కానీ అది 1980 సంగతి. అప్పటికి ఆ ఇంటికి డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది, అందులో ఎక్కువ భాగం మనకి కనపడని ముక్కల చరిత్ర.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఒక గట్టి నిర్ణయం తీసుకుంది, ఇక్కడ బళ్లు విడిభాగాలతో సహా తయారు చేసే ప్లాను ఉన్నవాళ్లే ఉండాలి, బయట నుంచి ముక్కలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం కుదరదు అని. జనరల్ మోటార్స్ 1954లో బొంబాయి ఫ్యాక్టరీ మూసేసి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది, 1955లో, పెద్దాయన పోయారు. ఒక ఇంటికి ఇంతకంటే గడ్డుకాలం ఏముంటుంది, దశాబ్దాలుగా అమ్మిన బ్రాండు వెళ్లిపోయింది, ఇంటి పెద్ద వెళ్లిపోయాడు. చేతిలో మిగిలిందేంటి? ఏ ముక్క ఎన్నాళ్లకి పోతుంది, ఎందుకు పోతుంది, ఎవరికి కావాలి అన్న తెలివి. కౌంటర్లో నిలబడ్డ వాళ్లకి మాత్రమే ఉండే తెలివి అది.

ఆ తెలివితోనే కొడుకులు ఫ్యాక్టరీలు పెట్టారు. 1960లో వీల్స్ ఇండియా, 1961లో లూకాస్ టీవీఎస్, 1962లో బ్రేక్స్ ఇండియా, అదే ఏడాది సుందరం క్లేటన్, 1966కి సుందరం ఫాసెనర్స్. అన్నీ మద్రాసు అంచున పాడి అనే చోట, ఒకదాని పక్కన ఒకటి. చక్రాలు ఒకరు, సెల్ఫులూ డైనమోలూ ఒకరు, బ్రేకులు ఒకరు, లారీల ఎయిర్ బ్రేకులు ఒకరు, బోల్టులూ నట్లూ ఒకరు. ఈ వరస ఒకసారి నెమ్మదిగా చదవండి. ఒక బండిని విడదీసి ఇంట్లో వాళ్ల మధ్య పంచినట్టు లేదూ? కానీ చీట్లు తీసి కాదు. ఒక్కో శాఖ, అంటే ఒక్కో కొడుకు కుటుంబం, ఒక్కో పనిలో దిగి, ఆ పనే నేర్చుకుంటూ, ఆ పనిలోనే ముసలివాళ్లయ్యారు. టి.ఎస్. కృష్ణ కొడుకు సురేశ్ కృష్ణ జీవితమంతా బోల్టులే. టి.ఎస్. సంతానం శాఖ చేతుల్లో బ్రేక్స్ ఇండియా, వీల్స్ ఇండియా. టి.ఎస్. శ్రీనివాసన్ కొడుకు వేణు శ్రీనివాసన్ సుందరం క్లేటన్, దాని నుంచి పుట్టిన మోపెడ్ కంపెనీ. టి.ఎస్. రాజం శాఖ మధురైలో అసలు పాత కంపెనీ, టైర్లు.

దీన్ని లైసెన్స్ రాజ్, అంటే ప్రభుత్వ లైసెన్సు లేనిదే ఫ్యాక్టరీ పెట్టలేని ఆ కాలం, గొప్పదనం అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజముంది, దాచక్కర్లేదు. టెక్నాలజీ బ్రిటన్‌ది. లూకాస్, గర్లింగ్, క్లేటన్, డన్‌లప్, పేర్లలోనే తెలుస్తోంది. పోటీ తక్కువ, దిగుమతి బంద్, లైసెన్సు ఉన్నవాడిదే మార్కెట్టు. మా నాన్న ఎప్పుడూ అనేవాడు, 70ల్లో సరుకు అమ్మడం కష్టం కాదమ్మా, సరుకు తెచ్చుకోవడమే కష్టం, మద్రాసు వెళ్లి మూడు రోజులు పడిగాపులు కాసి రాసిచ్చిన ఇండెంటులో, అంటే ఆర్డరులో, సగం సరుకే తెచ్చుకునేవాళ్లం అని. అలాంటి కాలంలో ఎవరు పెట్టినా ఫ్యాక్టరీ నడిచేది. ఒప్పుకుంటా. కానీ ఆ రక్షణ గోడల మధ్యే పెరిగిన చాలా కుటుంబ కంపెనీలు 1991 తర్వాత గోడలు తీసేయగానే ఏమయ్యాయో మనందరం చూశాం, అందుకే నేను ఎప్పుడూ 90ల దగ్గర ఆగి చూస్తా.

అంతకంటే ముందు ఒక్క విషయం, ఎందుకో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1972లో తమిళనాడు ప్రభుత్వం టీవీఎస్ బస్సులు తీసేసుకుని పాండియన్ రోడ్‌వేస్ కార్పొరేషన్ పెట్టింది. అంటే ఆ ఇల్లు ఏ వ్యాపారంతో మొదలైందో, ఏ వ్యాపారంతో గడియారాల కథ పుట్టిందో, అది పోయింది. ఒక్క బస్సులే నమ్ముకున్న ఇల్లయితే అక్కడితో కథ అయిపోయేది. మన దగ్గర కూడా అలా రూట్లు పోయాక కోలుకోని బస్సు ఓనర్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఇక 90లు. సుందరం ఫాసెనర్స్ కథే చెప్తా, ఎందుకంటే మా షాపులో ఎక్కువ చేతులు మారింది వాళ్ల బోల్టులే, బోల్టు తల మీద టీవీఎస్ అని అచ్చు ఉండేది. ఆ తల మీదే 8.8 అనో 10.9 అనో అంకెలుంటాయి, చాలామంది అది సైజు అనుకుంటారు. కాదు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి ఎనిమిది వందల న్యూటన్ల దాకా లాగినా తెగదు, అందులో ఎనభై శాతం దాకా లాగి వదిలితే మళ్లీ తన పొడవుకి వచ్చేస్తుంది అని హామీ. బోల్టు బిగించడం అంటే నిజానికి దాన్ని కొంచెం సాగదీయడం, అది తిరిగి ముడుచుకోవాలని లాగే బలమే రెండు ముక్కల్ని పట్టి ఉంచుతుంది. అంటే బోల్టు మంచిదో కాదో కంటికి కనపడదు, చేతికి తెలీదు, బండి ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడే తెలుస్తుంది. డూప్లికేట్ బోల్టు కూడా ఇంతే మెరుస్తుంది, తల మీద అదే అంకె కొట్టి ఉంటుంది, ఇంకా సగం ధరకే వస్తుంది. నేను పదేళ్ల వయసులో ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి నాన్నని తేడా చెప్పమంటే, తేడా బోల్టులో ఉండదమ్మా, చేసినవాడి దగ్గర ఉంటుంది అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

సుందరం ఫాసెనర్స్ 1990లోనే ఐఎస్ఓ 9000 అనే అంతర్జాతీయ క్వాలిటీ సర్టిఫికెట్ తెచ్చుకుంది, మన దేశంలో అది తెచ్చుకున్న మొదటివాళ్లలో వాళ్లు. ఇంకా ఆ పేరు కూడా ఇక్కడెవరికీ తెలీని రోజులు. తర్వాత, 90ల మొదట్లో, ఇంగ్లండ్‌లో జనరల్ మోటార్స్‌కి ఉన్న రేడియేటర్ క్యాపులు చేసే లైన్ అమ్మకానికొస్తే వీళ్లు కొనేసి, ఆ మెషిన్లు మద్రాసుకి తెచ్చి బిగించి, ఉత్తర అమెరికాలో జనరల్ మోటార్స్ బళ్లకి క్యాపులు ఇక్కడ నుంచి పంపించారు. ఆ కంపెనీ ఏటా తన మంచి సప్లయర్లకి ఇచ్చే అవార్డు వీళ్లకి వరసగా వచ్చింది. తాత ఏ కంపెనీ బళ్లు అమ్మాడో, అదే కంపెనీకి మనవడు ముక్కలు చేసి పంపాడు. రేడియేటర్ క్యాపు అంటే చిన్న మూతే కదా అనుకోవచ్చు. ఆ మూత లోపలి స్ప్రింగు ఒక లెక్క ప్రకారం ఒత్తిడి నిలబెడితేనే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, స్ప్రింగు మెత్తబడితే ఇంజను వేడెక్కి దాని పైభాగం, హెడ్డు, పోతుంది. లక్షల రూపాయల ఇంజనుని కాపాడే చిన్న ముక్క, నెలనెలా లక్షల్లో చెయ్యాలి, ఒక్కటి తేడా వచ్చినా పేరు పోతుంది. రక్షణ గోడలు లేని చోట ఇలాంటి పరీక్ష తమంతట తామే వెళ్లి పెట్టుకున్నారు చూడండి, నా దృష్టిలో లైసెన్స్ రాజ్ వాదనకి అది సమాధానం.

డెమింగ్ ప్రైజు సంగతి కూడా అంతే. క్వాలిటీ కోసం జపాన్ వాళ్లిచ్చే ఆ బహుమతి 1998లో సుందరం క్లేటన్ బ్రేకుల డివిజన్‌కి వచ్చింది, మన దేశానికి అదే మొదటిది. 2001లో సుందరం బ్రేక్ లైనింగ్స్, 2002లో టీవీఎస్ మోటార్, 2003లో బ్రేక్స్ ఇండియా ఫౌండ్రీ, 2004లో లూకాస్ టీవీఎస్. నేను ఇక్కడ గమనించమనేది బహుమతుల లెక్క కాదు. ఇవి వేరే వేరే శాఖలు నడుపుతున్న కంపెనీలు. ఒకడు వెళ్లి పరీక్ష రాసి పాసైతే పక్కవాడు నేనెందుకు రాయకూడదు అనుకున్నాడు. మా ఇంట్లో ఒకళ్లు బాగా చేస్తే రెండో వాళ్లు దాన్ని దెబ్బ అనుకునేవాళ్లు.

ఇప్పుడు 2020కి వద్దాం. ఇక్కడే వాట్సాప్ పెద్దమనుషులకి అర్థం కాని ముడి ఉంది. నడపడం ఎప్పుడో విడిపోయింది, ఎవరి కంపెనీ వాళ్లదే. కానీ యాజమాన్యం మాత్రం పైన ఉన్న పాత కుటుంబ కంపెనీల్లో, టి.వి. సుందరం అయ్యంగార్ అండ్ సన్స్ లాంటి వాటిలో, నాలుగు శాఖల పేర్ల మీద కలగలిసి ఉంది. బోల్టుల కంపెనీలో బ్రేకుల వాళ్లకి వాటా, బ్రేకుల కంపెనీలో టైర్ల వాళ్లకి వాటా. తాతలు అన్నదమ్ములు, తర్వాత వాళ్లు చిన్నాన్న పెదనాన్న పిల్లలు, నాలుగో తరానికి వచ్చేసరికి పెళ్లిళ్లలో కలుసుకునే చుట్టాలు. అలాంటప్పుడు నేను నడిపే ఫ్యాక్టరీలో కొత్త మెషిన్ కొనాలా వద్దా అన్న మాట మీద, ఆ ఫ్యాక్టరీలో ఏనాడూ కాలు పెట్టని చుట్టానికి హక్కుంటే ఏమవుతుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఒప్పందం రాసుకున్నారు, ఎవరు ఏ కంపెనీ నడుపుతున్నారో ఆ కంపెనీ యాజమాన్యం వాళ్లకే. కంపెనీ లా ట్రిబ్యునల్ ద్వారా పద్ధతిగా నడిపించి 2022 ఫిబ్రవరికి అమల్లోకి తెచ్చారు.

రూపాయల్లో సమానంగా పంచాలని కూర్చుని ఉంటే? ఒక్కో కంపెనీలో నాలుగో వంతు అందరికీ అని తేల్చి ఉంటే? అది న్యాయంగానే కనిపించేది. మా పెద్దమనుషులు చేసింది కూడా న్యాయమే, వాళ్లని నేను తిట్టను, వాళ్లు పైసా తేడా రానివ్వలేదు. కానీ మా పెదనాన్నకి తెలిసింది మనుషులు, ఏ లారీ ఓనరుకి ఎంత అరువివ్వచ్చు, ఎవడు సంక్రాంతికి బాకీ తీరుస్తాడు, ఎవడు తప్పించుకు తిరుగుతాడు. నాన్నకి తెలిసింది ముక్క, కళ్లు మూసుకుని చేత్తో తడిమి ఇది టాటా 1210ది, ఇది లేలాండ్ కామెట్‌ది అని చెప్పేవాడు. బాబాయికి తెలిసింది కొనడం, మద్రాసు వెళ్లి రేటు తెగ్గొట్టి తేవడం. ఆ రోజు చీట్లు తీశాక ముగ్గురూ మూడు పనులూ చెయ్యాల్సి వచ్చింది. నాన్న అరువులిచ్చి మునిగాడు. పెదనాన్న తప్పు సరుకు కొని మునిగాడు. బాబాయి ఎక్కువ రోజులు నిలబడ్డాడు, కానీ కౌంటర్లో ముక్క తెలిసిన మనిషి లేక అతనూ నెమ్మదిగా తగ్గిపోయాడు. విడిపోకుండా ఉంటే బాగుండేదని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. 1996కి ముందు రెండేళ్లు ఆ ముగ్గురూ ఒకే కౌంటర్ వెనక మాట్లాడుకోకుండా నిలబడటం నేను కళ్లారా చూశాను, అదీ నరకమే. పెదనాన్న లారీ ఓనర్లకి ఫైనాన్స్ పెట్టుకుని, బాబాయి హోల్‌సేల్ పెట్టుకుని, నాన్న రిటైల్ కౌంటర్ ఉంచుకుని ఉంటే, రూపాయల్లో ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ వచ్చి ఉండేది, ముగ్గురికీ తిండి మాత్రం ఉండేది.

టీవీఎస్ వాళ్లని దేవుళ్లని చెయ్యడం నా ఉద్దేశం కాదు. మొదటి డెమింగ్ తెచ్చిన ఆ బ్రేకుల వ్యాపారం ఈరోజు వాళ్లది కాదు, విడదీసి వాబ్కో అనే విదేశీ కంపెనీకి ఇచ్చేశారు, తర్వాత వాబ్కోని జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ కొనేసింది. కుటుంబం అంటే అమ్ముకోదు అన్న మాట అందుకే నేను నమ్మను. ఇంకోటి, నాకు బాగా గుచ్చుకునేది. ఆ కంపెనీ పేరులోనే ఉంది, అండ్ సన్స్. పెద్దాయన కూతురు డాక్టర్ సౌందరం చిన్న వయసులో భర్త పోతే చదువుకుని డాక్టరై, గాంధీ గారి దారిలో నడిచి, 1940లో జి. రామచంద్రన్‌ని మళ్లీ పెళ్లి చేసుకుని, 1947లో దిండిగల్ దగ్గర గాంధీగ్రామ్ అనే గ్రామసేవ సంస్థ కట్టి, తర్వాత కేంద్రంలో డిప్యూటీ మంత్రి కూడా అయ్యారు. అంత నడిపించగల మనిషి ఆ ఇంట్లోనే ఉన్నా పేరు మాత్రం సన్స్. ఇవాళ సుందరం ఫాసెనర్స్‌ని ఆరతి కృష్ణ, అరుంధతి కృష్ణ అక్కచెల్లెళ్లు నడుపుతున్నారు, సుందరం క్లేటన్‌లో లక్ష్మి వేణు ఉన్నారు. సంతోషమే, కానీ అక్కడిదాకా రావడానికి అన్ని తరాలు పట్టిందన్నది మర్చిపోకూడదు. పని తెలిసినవాళ్లదే యాజమాన్యం అన్న సూత్రం నిజమైతే అందులో ఆడపిల్ల ముందు నుంచీ ఉండాలి.

మా ఇంట్లో నాకు పన్నెండేళ్లకే పార్ట్ నంబర్లు నోటికి వచ్చు. స్కూలు నుంచి నేరుగా షాపుకొచ్చి నాన్న భోజనానికి వెళ్లినప్పుడు కౌంటర్లో కూర్చునేదాన్ని, మెకానిక్‌లు చిన్నమ్మగారూ అని పిలిచి నన్నే అడిగేవాళ్లు. పంపకం రోజు పెద్దమనుషుల్లో ఒకాయన, అబ్బాయిలు ఎంతమంది, అని అడిగాడు. పెదనాన్నకి ఇద్దరు, బాబాయికి ఒకడు, నాన్నకి ఎవరూ లేరు అని రాసుకున్నాడు. నేను అక్కడే మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నా.

పోయినేడాది బాబాయి పోయాక వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు, గోడౌను ఖాళీ చేస్తున్నాం అక్కా, నీకు సరుకు తెలుసు కదా ఒకసారి వచ్చి చూడు అని. అటక మీద నూనె కాగితంలో చుట్టిన ప్రెషర్ ప్లేట్లు పద్నాలుగు ఉన్నాయి, అన్నీ 1210వి, ఒక్కదానికీ తుప్పు లేదు, బాబాయి ఏటా దించి తుడిచి మళ్లీ చుట్టేవాడంట. మా ఇంట్లో మంచం కింద నాన్న దాచిన క్లచ్ ప్లేట్లు ఉన్నాయి, అమ్మ పారేయనివ్వలేదు. నేను ఆటోలో వేసుకుని తెచ్చాను. జతలు పెట్టి చూస్తే పదకొండు సెట్లు సరిగ్గా కుదిరాయి. ఆటోనగర్‌లో తెలిసిన నలుగురు మెకానిక్‌లకి ఫోన్ చేశాను, ఆ మోడల్ బళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయమ్మా, తుక్కుకి వెళ్లిపోయాయి అన్నారు. సాయంత్రం దాకా చూసి పాత ఇనుము అతన్ని పిలిచాం. అతను క్లచ్ ప్లేట్లూ ప్రెషర్ ప్లేట్లూ కలిపి ఒకే కాటా మీద తూచాడు.